ది లాస్ట్ డిన్నర్ పార్టీ: మొదటి ఆల్బమ్‌ను మొదటి నుంచే వినండి

మీరు మూడు సంగతులు అడిగారు. క్వీన్, అబ్బా అనే పాశ్చాత్య బృందాల పాటలు వింటూ పెరిగి, ఇళయరాజా పాటల్లో మాటల వెనుక నడిచే వయొలిన్ల కోసమే ఒక పాటను పదిసార్లు వినే మీకు, ఈ మధ్య కాలంలో వచ్చిన పాప్-రాక్ బృందాల్లో మనసు పెట్టి వినదగినది ఏదైనా ఉందా అన్నది మొదటిది. మీ అమ్మాయి చెప్పిన ‘ది లాస్ట్ డిన్నర్ పార్టీ’ అనే లండన్ బృందం నిజంగా బాగుంటుందా, లేక కొందరు అంటున్నట్టు పెద్ద రికార్డు కంపెనీ డబ్బుతో తయారుచేసి నిలబెట్టినదా అన్నది రెండవది. వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడవది.

మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. మీ అమ్మాయి చెప్పిన బృందమే మీరు వినవలసిన బృందం. నేను చాలా ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించాను, ఆ తరువాత సికింద్రాబాద్‌లో పిల్లలకు కీబోర్డూ, పాశ్చాత్య సంగీతంలో స్వరలిపీ నేర్పుతూ వచ్చాను. కొత్త పాటలు నాకు శిష్యుల ద్వారానే తెలుస్తుంటాయి. అలా తెలిసిన వాటిలో చాలా వరకు ఒక నెల తరువాత గుర్తు లేకుండా పోతాయి. ఈ బృందం మాత్రం 2023 నుంచి నా దగ్గరే ఉండిపోయింది. అందుకు కారణం వారి ముఖాలో దుస్తులో కాదు, పాటను కట్టే పద్ధతి. ఆ పద్ధతి గురించే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఎవరెవరు ఏమి చేస్తారో తెలిస్తే వినడం తేలికవుతుంది. ప్రధాన గాయని అబిగైల్ మోరిస్. గిటార్ వాయిస్తూ పాడేవారు లిజ్జీ మేల్యాండ్. బాస్ గిటార్ జార్జియా డేవిస్. ఈ ముగ్గురికీ లండన్‌లోని కింగ్స్ కాలేజీలో చదువుకునే రోజుల్లో స్నేహం కుదిరింది. తరువాత గిల్డ్‌హాల్ సంగీత, నాటక విద్యాలయంలో చదివిన ఇద్దరు వచ్చి కలిశారు. వారిలో ఎమిలీ రాబర్ట్స్ ప్రధాన గిటార్‌తో పాటు మాండలిన్, ఫ్లూట్ కూడా వాయిస్తారు. కీబోర్డుల దగ్గర ఉండే అరోరా నిషెవ్‌త్సి ఆర్కెస్ట్రాకు సంగీతం రాయగల విద్వత్తు ఉన్నవారు. డ్రమ్స్ వాయించేవారు బృందంలో శాశ్వత సభ్యులు కారు, వేదిక మీదికి వేరుగా వస్తారు. ఈ అమరికలో గమనించవలసినది, మామూలు రాక్ బృందంలో కనిపించని ఇద్దరు ఇక్కడ ఉండడం: ఫ్లూట్, మాండలిన్ చేతపట్టగల గిటారిస్టు ఒకరు, నలభైమంది వాద్యకారులకు స్వరాలు రాసి ఇవ్వగల కీబోర్డిస్టు ఒకరు. మీరు ఇళయరాజా పాటల్లో వెతుక్కునే ఆ వెనుక పని ఈ బృందంలో దొరకడానికి మూలం ఇదే. మరొకటి, అబిగైల్ పాడుతుంటే మిగిలినవారు ఊరకే నిలబడరు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు ఎలా ఊతమిస్తారో, వీరూ అలాగే గొంతులు కలిపి పాటను పట్టుకుని నడిపిస్తారు. ఆ వంత గొంతుల కోసం ఒకసారి ప్రత్యేకంగా వినండి.

బృందం పెట్టాలన్న ఆలోచన కోవిడ్‌కు ముందే ఉన్నా, లాక్‌డౌన్ల వల్ల వేదిక ఎక్కడం ఆలస్యమైంది. తూర్పు లండన్‌లో స్టెప్నీ అనే చోట ఉన్న జార్జ్ టావెర్న్‌లో 2021 నవంబరులో మొదటి కచేరీ చేశారు. ఆపైన దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో విండ్‌మిల్ అనే చిన్న పబ్ వారికి ఇల్లులాంటిదైంది. అందులో పట్టేది నూటయాభై మంది. బ్లాక్ మిడీ, స్క్విడ్ వంటి బృందాలు కూడా అక్కడ వాయిస్తూనే పైకి వచ్చాయి కాబట్టి, లండన్‌లో కొత్త సంగీతం వెతికేవారి కళ్లు ఎప్పుడూ ఆ గది మీదే ఉంటాయి. ది లాస్ట్ డిన్నర్ పార్టీ చేసిన మరో పని నాకు బాగా నచ్చింది. మొదటి పాట అధికారికంగా విడుదలయ్యింది 2023 ఏప్రిల్‌లో, అంటే మొదటి కచేరీ జరిగిన దాదాపు ఏడాదిన్నరకు. ఆ మధ్యకాలంలో పాట కావాలన్నవారు కచేరీకి రావాలి, లేదా అక్కడ ఎవరో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టినది చూసుకోవాలి. అలాంటి వీడియోల వల్లనే వారి పేరు నగరమంతా పాకింది. ఒక్క పాట కూడా విడుదల కాకముందే, 2022 జూలైలో, లండన్ హైడ్ పార్క్‌లో రాక్ దిగ్గజాలైన రోలింగ్ స్టోన్స్ కచేరీ జరిగిన రోజున ముందు వాయించే బృందాల్లో వీరికీ చోటు దొరికింది.

ఈ ఏడాదిన్నర ఎందుకంత ముఖ్యమో ఆర్కెస్ట్రాలో తిరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. వినాయక నవరాత్రుల పందిళ్లలో వాయించిన రోజుల్లో, ఒక పాట నిలుస్తుందా పోతుందా అన్నది మొదటి చరణం సగంలోనే మాకు తెలిసిపోయేది. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు వెనక్కి తిరిగి మాట్లాడుకోవడం మొదలుపెట్టారంటే ఆ చోట వాయిద్యం పల్చబడిందని అర్థం. మరునాడు అక్కడ ఒక తబలా ముక్కో, ఒక కీబోర్డు బిట్టో చేర్చేవాళ్లం. స్టూడియోలో కూర్చుని పాట కట్టేవారికి ఈ పాఠం దొరకదు. ఈ బృందం మొదటి ఆల్బమ్‌లోని పాటల్లో చాలా వాటికి జనం ఎదుట అరిగి అరిగి వచ్చిన నునుపు ఉంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒక్కసారిగా విరుచుకుపడాలో వారికి జనమే నేర్పారని వింటుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు మీరు విన్న ఆరోపణ సంగతి. ఇంగ్లండ్‌లో దీన్ని ‘ఇండస్ట్రీ ప్లాంట్’ అంటారు. కంపెనీయే నాటి, నీళ్లుపోసి, సహజంగా మొలిచినట్టు చూపించే మొక్క అని దాని భావం. మొదటి పాట రాకముందే ఐలండ్ రికార్డ్స్ వంటి పెద్ద సంస్థతో ఒప్పందం కుదరడం, ఆ పాటతోనే దేశమంతా పేరు మోగడం చూసి చాలామందికి అనుమానం వచ్చింది. సభ్యుల్లో కొందరు ఖరీదైన ప్రైవేటు బడుల్లో చదువుకున్నారన్నది కూడా ఆ అనుమానానికి తోడైంది. ఈ రెండో మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. చిన్నప్పుడే మంచి వాయిద్యం, మంచి గురువు, సాధనకు తీరిక దొరకడం గొప్ప వసతి. అది లేక ఆగిపోయిన శిష్యులను నేను చూశాను. కానీ ఆ వసతి ఉన్నవారందరూ ఇలాంటి పాటలు కట్టలేరు. నూటయాభై మంది పట్టే గదిలో మళ్లీ మళ్లీ నిలబడి పాడడాన్ని ఏ కంపెనీ కూడా డబ్బిచ్చి చేయించలేదు. ఒప్పందం వచ్చింది కచేరీల వల్ల. ఈ వరస తిరగేసి చెప్పడం వల్లనే ఆ ఆరోపణ పుట్టింది. 2025లో బ్రిటన్ సంగీత రంగంలో పెద్దవైన బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ నూతన కళాకారుల పురస్కారం అందుకున్నప్పుడు కూడా, అలాంటి చిన్న వేదికలు లేకపోతే తమ బృందమే లేదని వారు వేదిక మీదే చెప్పారు. బ్రిటన్‌లో చిన్న సంగీత వేదికల తరఫున పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క ప్రకారం 2023 ఒక్క ఏడాదిలోనే అలాంటివి 125 మూతపడ్డాయి లేదా సంగీతం మానుకున్నాయి కాబట్టి, ఆ మాట మర్యాదకు చెప్పినది కాదు.

ఇక వినడం. దయచేసి విడి పాటలతో మొదలుపెట్టకండి. మొదటి ఆల్బమ్ పేరు ‘ప్రిల్యూడ్ టు ఎక్స్టసీ’. 2024 ఫిబ్రవరి 2న వచ్చింది, నిర్మాత (అంటే రికార్డింగును నడిపించినవారు) జేమ్స్ ఫోర్డ్, పన్నెండు అంశాలు, మొత్తం సుమారు నలభై నిమిషాలు. రాత్రి భోజనాలయ్యాక, ఫోన్‌లో పాటల వరస మార్చేసే షఫుల్ తీసేసి, పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా సెట్టింగు చూసుకుని, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఆ ఖాళీ సంగతి ఎందుకు చెప్పానో ఏడో అంశం దగ్గర తెలుస్తుంది.

మొదటి అంశంలో పాట లేదు. ఒకటిన్నర నిమిషం పాటు పూర్తి ఆర్కెస్ట్రా మాత్రమే ఉంది, దాన్ని రాసింది అరోరా. పాత హాలీవుడ్ చిత్రాలకు పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతంలా తెర లేస్తుంది. వయొలిన్లు ఒక వరసను ఎత్తుకుని సగంలో వదిలేస్తే, ఇత్తడి వాయిద్యాలు దాన్ని అందుకుని పైకి తీసుకుపోతాయి. మొదటిసారి వింటే ఇది అలంకారంగా అనిపిస్తుంది. ఆల్బమ్ అంతా విన్న తరువాత మళ్లీ దీని దగ్గరికి రండి. తరువాత రాబోయే పాటల వరసలు ఇక్కడే తొంగిచూసి వెళ్లాయని తెలుస్తుంది. మన నాటకాల్లో నాందికి ఉన్న పని ఇదే కదా. దీని చివరి ఊపులోనుంచి ‘బర్న్ అలైవ్’ అనే మొదటి పాట మొదలవుతుంది. సొంత బాధను జనం ముందు పెట్టి పాటగా అమ్మవలసిరావడం గురించిన పాట అది. రక్తనాళాల్లో కొవ్వొత్తి మైనం కరుగుతోందనే పోలిక అందులో ఉంది. మోరిస్ గొంతు మంద్రంలో, దాదాపు మాట్లాడుతున్నట్టు ప్రారంభమై, పాట ముగిసేసరికి తారస్థాయికి చేరుతుంది.

మూడో అంశం ‘సీజర్ ఆన్ ఎ టీవీ స్క్రీన్’ మీకు తప్పకుండా నచ్చుతుంది. ఇందులో లయ ఒక్కటి కాదు. నిదానంగా, క్లబ్బులో పాడే పాత పాటలా మొదలై, హఠాత్తుగా పరుగందుకుని, మళ్లీ మందగించి, జనమంతా కలిసి పాడేటంత పెద్దదవుతుంది. ఒక పాటలో మూడు పాటలు కుట్టినట్టు ఉంటుంది కానీ కుట్లు కనపడవు. చక్రవర్తినైపోయానని ఊహించుకునే ఒక మనిషి మాటలను అబిగైల్ అభినయిస్తూ పాడతారు. పద్యనాటకాలు చూసినవారికి ఇది కొత్త కాదు. పద్యం చివర రాగం తీస్తూ దుర్యోధనుడి వేషధారి జనం వైపు ఎలా చూస్తాడో, ఆమె ప్రతి పాదం చివరా అలాగే గొంతును సాగదీసి, విననివారిని కూడా తనవైపు తిప్పుకుంటారు. నాటకీయత ఎక్కువైందని అనేవారున్నారు. నా మట్టుకు నాకు, పాత్ర నాటకీయమైనప్పుడు గొంతు కూడా నాటకీయంగా ఉండడంలో తప్పు కనిపించదు.

‘ద ఫెమినిన్ అర్జ్’లో ఒక పోలిక నన్ను చాలాకాలం వెంటాడింది. ఆడవాళ్లు తల్లి నుంచి కూతురికి ఏమి అందిస్తూ వస్తున్నారన్నది ఆ పాట విషయం. అందులో ఆ స్త్రీ తనను తాను కాలేయంతో పోల్చుకుంటుంది: లోపలికి వచ్చిన విషాన్నంతా తీసుకుని ప్రేమగా మార్చి బయటికి పంపే అవయవంగా. గరళాన్ని కంఠంలో నిలుపుకున్న దేవుణ్ణి తలుచుకునే మనకు ఆ పోలిక వెంటనే అందుతుంది. కాకపోతే శివుడికి ఆ పని ఒక్కసారే పడింది, ఇక్కడి స్త్రీకి రోజూ ఉంది. ఇంత బరువైన విషయానికి వారు ఎంచుకున్న బాణీ మాత్రం అరవైల నాటి అమ్మాయిల పాప్ బృందాలను గుర్తుచేసే తియ్యటి బాణీ. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే పాటకు బలం. దీని తరువాత వచ్చే ‘ఆన్ యువర్ సైడ్’ నెమ్మదైన పాట, వినండి, ముందుకు సాగండి. ‘బ్యూటిఫుల్ బాయ్’ ఎమిలీ వాయించిన ఫ్లూట్‌తో మొదలవుతుంది. ఒక అందమైన అబ్బాయికి లోకంలో ఎక్కడికైనా భయం లేకుండా తిరగగలిగే స్వేచ్ఛ ఉండడం చూసి ఒక అమ్మాయి పడే అసూయ అందులోని విషయం. రాత్రి బస్సు దిగి ఒంటరిగా ఇంటికి నడిచే ఏ అమ్మాయికీ దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఏడో అంశం. దాని పేరు ‘గ్యుహా’. అల్బేనియన్ భాషలో ఈ మాటకు నాలుక అనీ, భాష అనీ రెండు అర్థాలున్నాయి. అరోరా కుటుంబం మూలాలు అల్బేనియన్ మాట్లాడే కొసోవోలో ఉన్నాయి. ఆమె పెరిగింది, చదివింది ఇంగ్లిషులో. తల్లిభాష తనకు సరిగా రాదన్న సిగ్గును ఆమె అదే భాషలో, గుడిలో బృందగానంలా గొంతులు పొరలు పొరలుగా పేర్చి పాడారు. ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు. ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి వెళ్లిన రాక్ ఆల్బమ్ నట్టనడుమ, చాలామంది శ్రోతలకు ఒక్క మాట కూడా అర్థం కాని ఆ పాటను నిలబెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

దీని గురించి ఎక్కువగా రాయడానికి నాకు సొంత కారణం ఉంది. డల్లాస్‌లో ఉండే ఒక శిష్యురాలికి వారానికి ఒకరోజు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతాను. కీబోర్డు చక్కగా వాయిస్తుంది. అన్నమయ్య కీర్తనను స్పష్టమైన తెలుగులో, ఒక్క అక్షరం తప్పకుండా పాడుతుంది. అయితే పాఠం మధ్యలో నాయనమ్మ గదిలోకి వచ్చి ‘అన్నం తిన్నావా తల్లీ’ అని అడిగితే ఇంగ్లిషులోనే జవాబిస్తుంది. పొగరు వల్ల కాదు, మాట్లాడితే యాస విని నవ్వుతారేమోనన్న భయం వల్ల. ఒకరోజు ఈ పాటను ఆ అమ్మాయికి వినిపించి, విషయం చెప్పాను. హెడ్‌ఫోన్లు తీయకుండా పాటను రెండోసారి పెట్టుకుంది. ఆ తరువాత ‘ఆవిడకి కూడా రాదా మాస్టారూ’ అని అడిగింది, తెలుగులో. నేను ‘రాకపోయినా పాడారమ్మా’ అన్నాను. ఆ రోజు పాఠంలో ఇంకేమీ చెప్పలేదు. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో మనవలున్న ఏ తెలుగు ఇంట్లోనైనా ఈ చిన్న పాటకు చోటుందని నాకు అనిపిస్తుంది.

ఇక ఖాళీ సంగతి. ‘గ్యుహా’ చివరి గొంతులు ఇంకా గాలిలో ఉండగానే తరువాతి పాట ‘సిన్నర్’ మొదలైపోతుంది. మధ్యలో ఒక్క క్షణం నిశ్శబ్దం పడినా ఆ అతుకు తెగిపోతుంది. ‘సిన్నర్’ లిజ్జీ కలం నుంచి వచ్చిన పాట. చిన్న చోట, మతం నీడలో పెరిగినప్పుడు తన ప్రేమ తనకే పాపంగా తోచిన కాలానికీ, నగరానికి వచ్చి దాన్ని తనదిగా ఒప్పుకున్న కాలానికీ మధ్య ఉన్న ఎడం అందులో వినిపిస్తుంది. ఒక పాటలో భాష విషయంలో సిగ్గు, ఆ వెంటనే ప్రేమ విషయంలో సిగ్గు. ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టినవారికి ఆల్బమ్ అంటే ఏమిటో తెలుసు. ‘మై లేడీ ఆఫ్ మెర్సీ’ దగ్గర సౌండ్ కొంచెం తగ్గించుకోండి. తేలికగా గెంతుతూ నడిచే చరణం తరువాత కోరస్‌లో గిటార్లన్నీ ఒక్కసారిగా బరువెక్కుతాయి. చెప్పకపోతే హెడ్‌ఫోన్లలో ఉలిక్కిపడతారు.

పదకొండో అంశం ‘నథింగ్ మ్యాటర్స్’. 2023లో వీరి పేరును ఇంటింటికీ చేర్చిన మొదటి పాట ఇదే. ముందే ఒక మాట చెప్పాలి: ఈ పాట కోరస్‌లో ఇంట్లో పెద్దల ముందు పలకలేని మాట ఒకటుంది. హాల్లో స్పీకర్ మీద పెట్టకండి. ఆ మాటను వారు రెచ్చగొట్టడానికి వాడారని నేను అనుకోను. ఇంకేదీ పట్టనంత గాఢమైన ప్రేమను చెప్పడానికి మర్యాదైన మాట చాలలేదు, అంతే. అబ్బా అభిమానులైన మీరు ఈ కోరస్ వినగానే నవ్వుకుంటారు. విషాదం అడుగున ఉండగానే పైకి గెంతే బాణీ అబ్బా పాటల్లో ఉన్నదే.

నేను పదేపదే వినేది రెండో కోరస్ తరువాత ఎమిలీ ఒక్కరే ముందుకొచ్చి వాయించే గిటార్ సోలోను. వేగం చూపించాలన్న ఆత్రం అందులో లేదు. ఒక్కొక్క స్వరాన్నీ నిలిపి, వంచి, పక్కస్వరంలోకి జార్చి, పాడుకోవడానికి వీలైన వరసగా కట్టారు. నా దగ్గర స్వరలిపి నేర్చుకునే గిటార్ పిల్లలకు ఒక పరీక్ష పెడుతుంటాను: సోలో విన్నాక వాయిద్యం ముట్టుకోకుండా దాన్ని నోటితో కూనిరాగం తీయమంటాను. చాలా పేరున్న సోలోలు ఈ పరీక్షకు నిలవవు. ఇది నిలిచింది. పన్నెండేళ్ల కుర్రాడు రెండుసార్లు విని, మూడోసారి దాదాపు తప్పు లేకుండా పాడాడు. పాటలోని బాధను మాటలు ఎక్కడ వదిలేశాయో అక్కడినుంచి గిటార్ ఎత్తుకుంటుంది కాబట్టే అది నోటికి వస్తుంది. మన పాటల్లో చరణాల మధ్య వాయిద్యాలతోనే వచ్చే రెండో ఇంటర్లూడ్ చేసే పని ఇదే. ఆ తరువాత వచ్చే ‘మిర్రర్’ నిదానమైన పాట. ఎదుటివారు చూస్తున్నప్పుడే తాను ఉన్నట్టు భావించే కళాకారిణి గురించినది. నాందిలో లేచిన ఆర్కెస్ట్రాయే చివర మళ్లీ వచ్చి తెర దించుతుంది.

లోపాలు లేవని చెప్పను. నాందినీ ‘గ్యుహా’నూ పక్కన పెడితే మిగిలే పది పాటల్లో ఏడింటికి ఒకే గ్రాఫు ఉంది: నెమ్మదిగా మొదలు, మధ్యలో ఉరుము, చివర గోపురం. ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ డెడ్ గర్ల్’ చేరేసరికి, ఇక్కడ పెరుగుతుంది అని ముందే తెలిసిపోతుంది. డ్రమ్స్ చాలా చోట్ల పాటను మోయడమే తప్ప దానితో సంభాషించవు. శాశ్వత డ్రమ్మర్ లేకపోవడం వల్ల అలా జరిగిందేమోనని నా ఊహ. జార్జియా బాస్ వాయింపు బాగుంటుంది, కానీ ఇంతమంది గొంతుల కింద, ఇన్ని వయొలిన్ల కింద దాన్ని వెతుక్కోవలసివస్తుంది. లేసుల గౌన్లు, పాతకాలపు దుస్తులు, కచేరీకి వచ్చే జనానికి కూడా ఫలానా తరహా వేషంలో రమ్మని పిలుపులు, ఇవన్నీ ఫోటోల్లో ఎంత బాగున్నా, పత్రికలు దుస్తుల గురించి రాసినంతగా అరోరా రాసిన ఆర్కెస్ట్రా గురించి రాయకపోవడం నాకు బాధ కలిగించింది.

గుర్తింపుకు లోటు రాలేదు. పైకి వస్తున్న కొత్తవారికి ఇచ్చే రెండు గుర్తింపులు, 2023 చివర్లో బ్రిట్ రైజింగ్ స్టార్, 2024 జనవరిలో బీబీసీ ‘సౌండ్ ఆఫ్ 2024’ వారికే దక్కాయి. ఆల్బమ్ మొదటి వారంలోనే బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచి, ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుదిజాబితాలోనూ ఆ ఏడాది చేరింది. అయితే ఆ ఏడాది చివర్లో, ఎడతెగని పర్యటనల వల్ల శరీరం, మనసు అలసిపోయి మిగిలిన కచేరీలు రద్దుచేసుకోవలసివచ్చింది. టిక్కెట్లు కొన్నవారు నొచ్చుకుని ఉంటారు, సహజమే. ఒక సీజన్‌లో నలభై రాత్రులు వరసగా వాయించి, మూడు నెలలు కీబోర్డు మూత తీయని మనిషిగా నాకు వారి నిర్ణయం సరైనదనిపించింది.

విరామం తరువాత 2025 అక్టోబరులో రెండో ఆల్బమ్ ‘ఫ్రమ్ ది పైర్’ వచ్చింది. ఈసారి నిర్మాత మార్కస్ డ్రావ్స్, పది పాటలు. ఇందులో ఆర్కెస్ట్రా నాంది లేదు, శబ్దం ముతకగా, నేలకు దగ్గరగా ఉంది. ‘దిస్ ఈజ్ ద కిల్లర్ స్పీకింగ్’లో అమెరికా కౌబాయ్ కథల దుమ్ము వినిపిస్తుంది. ‘వుమన్ ఈజ్ ఎ ట్రీ’లో వాయిద్యాలకంటే గొంతులే ముందుంటాయి. మొదటి ఆల్బమ్‌లో ‘గ్యుహా’ నచ్చితే ఇందులో ‘ఐ హోల్డ్ యువర్ యాంగర్’ దగ్గర ఆగండి. అక్కడ ముందుకు వచ్చి పాడేది అరోరాయే, ఈసారి ఇంగ్లిషులో. మొత్తంగా నాకు మొదటి ఆల్బమే ఎక్కువ ఇష్టం, కానీ పాటలకు ఉన్న ఆ ఒకే గ్రాఫును విరగ్గొట్టాలన్న ప్రయత్నం రెండోదానిలో కనిపిస్తుంది. పైకి వస్తున్న బృందం నుంచి నేను కోరుకునేది అదే.

మీ అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటోందని రాశారు కాబట్టి చివరగా ఒక సాధన చెబుతాను. ‘గ్యుహా’లో గొంతులు నెమ్మదిగా కదులుతాయి, కాబట్టి ఒక్కొక్క పొరనూ విడిగా చెవితో పట్టుకోవచ్చు. ముందు పై గొంతును కుడిచేత్తో, తరువాత అడుగు గొంతును ఎడమచేత్తో వాయించమనండి. రెండూ కుదిరాక మధ్య గొంతును తనే పాడాలి. స్వరాలు రాసి ఉన్న కాగితం ఇవ్వకండి, ఇంటర్నెట్‌లో వెతకనివ్వకండి. వారం పట్టవచ్చు, పదిరోజులు పట్టవచ్చు. అది వచ్చాక ‘సిన్నర్’ మొదలయ్యే చోటికి ఆగకుండా దాటడం ప్రయత్నించమనండి. ఆ దాటే చోట మీరు పక్కన కూర్చుని లయ తప్పకుండా తాళం వేయండి.